మూలుగుకూ దెబ్బకూ మధ్య

ఎనిమిది రోజుల కిందట ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ వెళ్ళిపోయాక షెడ్డు ఊడుస్తుంటే, పళ్ళెంలోంచి చింది పడిన గుగ్గిలం పొడి కాలి కింద కరకరలాడింది. దాని వాసన మెల్లగా పైకి లేచింది. ఆ వాసన వస్తే నాకు వేరా పెత్రోవ్నా గుర్తుకు వస్తుంది. ఎప్పుడూ సంతోషంగానే గుర్తుకు వస్తుంది. ఆ రోజు మాత్రం చీపురు కింద పెట్టి గోడవారగా కూర్చుండిపోయాను. అంతకు కాసేపటి ముందు, ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు ఎవడూ చేయకూడని పని నేను చేశాను. చెన్నమ్మక్క ఎలా తిరుగుతుందో అందరి ముందూ ఆడి చూపించి నవ్వించాను.

చెన్నమ్మక్క పాలకోడు టమాటా మార్కెట్టులో కాయలు ఏరే కూలి మనిషి. వయసులో నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఆమెలాంటి ఆడవాళ్ళు పదిమంది దాకా ఆదివారాలు ఈ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ షెడ్డుకు వస్తారు. ఆ షెడ్డు ధర్మపురి దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది. మామిడి కాలం అయిపోయాక షెడ్డు ఖాళీ కాబట్టి యజమాని వాడుకోమన్నాడు. నేను ఉరుమి వాయిస్తూ వాళ్ళకు ఆట నేర్పుతాను. వచ్చే నెల బెంగళూరులో వేరా పెత్రోవ్నా జ్ఞాపకార్థం ఒక సాయంత్రం జరగబోతోంది. ఆమె చివరగా కట్టిన నృత్యంలో ఒక భాగాన్ని అక్కడ మా ఆడవాళ్ళు ఆడాలి. ఆ కబురు వచ్చినప్పటినుంచి నాకు నిద్ర తక్కువైంది, నోరు ఎక్కువైంది.

ఆ భాగంలో ఒకచోట అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరగాలి. చెన్నమ్మక్క నడుము అందరికంటే ముందు తిరుగుతుంది. కాళ్ళు మాత్రం అందరికంటే వెనక వస్తాయి. ఎన్ని వారాలు చెప్పినా అంతే. ఆదివారం నాకు ఓపిక పోయింది. ఉరుమి పక్కన పెట్టి లేచాను.

“అందరూ ఇట్ల చూడండి,” అన్నాను. “చెన్నమ్మక్క తిరిగేది ఇది. తిరగలి మాదిరి. పైరాయి పోతుంది, కిందిరాయి ఆడనే కూర్చోనుంటుంది.”

నడుము తిప్పి, పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు పెట్టి, కళ్ళు పెద్దవి చేసి చూపించాను. ఇతరులను అనుకరించడం నాకు చిన్నప్పటినుంచీ బాగా వచ్చు. షెడ్డంతా నవ్వింది. చెన్నమ్మక్క కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి ఇంకోసారి చేశాను. నా తప్పులో పెద్ద భాగం అదే. మొదటిసారి చిరాకుతో చేశాను, రెండోసారి నవ్వు కోసం చేశాను. ఆమె నవ్వుతూనే కొంగు దోపుకుని, టిఫిన్ గిన్నె సంచిలో పెట్టుకుంది.

“నేను పోయొస్తాను మాస్టరూ. ఇంట్లో పని ఉండాది,” అంది. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా, “బెంగళూరికి నన్ను చేర్చుకోవద్దండి. తిరగలిని బస్సెక్కించేది కష్టం,” అంది.

అందరూ మళ్ళీ నవ్వారు. ఈసారి నా వల్ల కాలేదు.

వేరా పెత్రోవ్నాను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలి. ఆమె రష్యా మనిషి. ఉరల్ కొండల దగ్గరి ఒక పెద్ద నగరంలో, అక్కడి పెద్ద థియేటరులో, బ్యాలే నృత్యాలు కట్టేది. ఆడేవాళ్ళు వేరు, కట్టేవాళ్ళు వేరు. తెర ముందు వంగి దండం పెట్టేది ఆడేవాళ్ళు. ఎవరు ఎక్కడినుంచి వచ్చి, ఏ క్షణాన ఎందుకు చేయి ఎత్తాలో నెలల తరబడి ఆలోచించి పెట్టేది కట్టినవాళ్ళు. ఆ పనిలో ఆమెది ఆ దేశంలో పెద్ద పేరని బెంగళూరు వాళ్ళు చెప్పేవారు. నేను చూసే నాటికి ఆమెకు డెబ్బై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, తెల్లజుట్టు ముడి, కుడి మోకాలు పట్టేసిన నడక. నేను ఆమెను వేరమ్మా అని పిలిచేవాణ్ణి. మా అమ్మ మాత్రం కడదాకా వీరమ్మ అనే అంది. ఆ పేరుతో మాకు ఒక పెద్దమ్మ ఉండేది కాబట్టి ఆమెకు అదే సులువు.

మాది పాలకోడు పక్కన చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మా తాత ఇసకలో దిద్దించాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. నాన్న ఉరుమి వాయించేవాడు. ఊళ్ళో దేవర జాతరకు, పెళ్ళికి, చావుకు అదే వాద్యం. ఆయన తరువాత నేను పట్టుకున్నాను. వాయింపు లేని రోజుల్లో చక్కెర మిల్లులో మూటలు ఎత్తేవాణ్ణి. ఉరుమి చూడనివాళ్ళకు ఒక మాట. అది నడుము సన్నంగా ఉండే జోడు ముఖాల వాద్యం. ఒక ముఖం మీద వంపు కర్రతో రాస్తే లోపలినుంచి మనిషి మూలిగినట్టు శబ్దం వస్తుంది. రెండో ముఖం మీద పుల్లతో కొడితే దెబ్బ పడుతుంది. మూలుగు, దెబ్బ, మూలుగు, దెబ్బ. అంతే దాని భాష.

ఒక ఏడు మామిడి కాలం ముగిశాక బెంగళూరు నృత్య బృందం ఒకటి ఈ షెడ్డును సాధన కోసం తీసుకుంది. వాళ్ళ కోసం కొత్త నృత్యం కట్టడానికి వేరమ్మను పిలిపించారు. బృందం పనులు చూసే సుధ అనే అమ్మాయి ఏదో దేవరలో నా ఉరుమి విని, వచ్చి వాయించి చూపించమంది. నేను వెళ్ళేసరికి షెడ్డులో మామిడి పులుపు వాసన, దాని మీద గుగ్గిలం వాసన. వాకిట్లో ఒక అల్యూమినియం పళ్ళెంలో గుగ్గిలం పొడి ఉంది. కాలు జారకుండా నర్తకులందరూ అందులో అడుగుపెట్టి లోపలికి వస్తున్నారు. నేను కూడా చెప్పులు విడిచి అందులో కాలు పెట్టి వెళ్ళాను. గుడిలో పద్ధతి లాంటిదేమో అనుకున్నాను. వేరమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కాలు చాపి కూర్చుని అది చూసి తల ఊపింది.

వాయించాను. మధ్యలో ఆమె చేయి ఎత్తి సుధతో ఏదో అంది. ‘ఇంకోసారి’ అనడానికి మీ భాషలో ఏమంటారని అడుగుతోందట. సుధ “మళ్ళీ” అంది. నేను “మళ్ళా” అన్నాను. ఆమె మా ఇద్దరినీ చూసి, నా వైపు వేలు చూపి, “మళ్ళా,” అంది. ఆనాటినుంచి ఆ షెడ్డులో ఆమె ఎక్కువగా పలికిన తెలుగు మాట అదే.

“ఈ మూలుగు మీద మీ వాళ్ళు ఏం ఆడతారు?” అని సుధ చేత అడిగించింది.

“ఏమీ ఆడరమ్మా. అడుగు దెబ్బ మీదనే పడేది. అది సుమ్మా, దెబ్బకు ముందర వస్తుంది.”

“సుమ్మా అంటే ఊరికే అని,” సుధ ఆమెకు వివరించింది.

వేరమ్మ చాలాసేపు ఉరుమి వైపు చూసింది. ఆమె మాటను సుధ నాకు చెప్పింది. “ఊరికే వచ్చే శబ్దమైతే ఇంత బాధగా ఉండదు అంటోంది. రేపటినుంచి రమ్మంటోంది.”

అట్లా నేను ఆ చలికాలమంతా ఆమె పక్కన కూర్చున్నాను. టీ వేళల్లో ఆమె తన కథ తునకలు తునకలుగా చెప్పేది, సుధ తెలుగు చేసేది. తండ్రి రైల్వేలో పనివాడు. చిన్నతనంలోనే నృత్య పాఠశాలలో చేరింది. ఏళ్ళ తరబడి వెనక వరసలో ఆడింది. ముందు వరసకు పిలుపు రాబోతుందనగా మోకాలు దెబ్బతింది. ఆడటం ఆగిపోయింది. అప్పుడు ఆమెను ఒక బట్టల మిల్లుకు పంపారు, అక్కడి పనివాళ్ళ క్లబ్బులో నృత్యం నేర్పమని. పంపినవాళ్ళ దృష్టిలో అది పక్కన పెట్టేయడమే. ఆమె ముందు నృత్యం నేర్పలేదు. మగ్గాల మధ్య నేల మీద కూర్చుని ఆ ఆడవాళ్ళు ఎట్లా నిలబడతారో, తెగిన దారం కోసం ఎట్లా వంగుతారో చూసింది. ఆ నిలబడటం, ఆ వంగటంతోనే మొదటి నృత్యం కట్టింది. అది చూసి పెద్ద థియేటరు వాళ్ళు వెనక్కి పిలిచారు. ఆ తరువాత పెద్ద పెద్ద నృత్యాలు, పేరు, విదేశాలు. వేదిక మీద ఎంతమంది ఉన్నా అందరినీ ఒక్క ఊపిరితో కదిలించగలదని చెప్పుకునేవారట. మళ్ళీ కాలం మారింది. దేశం మారింది, థియేటరుకు కొత్త పెద్దలు వచ్చారు, ఆమె నృత్యాలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి.

“మా పని కాగితం మీద నిలవదు,” అందామె ఒకరోజు, టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకుంటూ. “ఆడినవాళ్ళ ఒంట్లో ఉంటుంది. వాళ్ళు ముసలివాళ్ళయితే మా పని కూడా ముసలిదవుతుంది.” ఆ మాట దిగులుగా అనలేదు. వానొస్తుందేమో అన్నట్టు అంది.

ఆమె పని చేసే తీరు వేరు. తప్పు చేసినవాళ్ళ ఎదురుగా ఎప్పుడూ నిలబడదు. లేచి కుంటుకుంటూ పోయి వాళ్ళ వెనక నిలబడి, వాళ్ళు ఎట్లా చేస్తున్నారో అట్లానే తానూ చేస్తుంది. ఆ తప్పును తన ఒంట్లోకి తెచ్చుకున్నట్టు. కాసేపటికి ఆగి, వాళ్ళ భుజం మీదనో, మెడ కిందనో వేలు పెడుతుంది. తప్పు చేతిలో కనబడుతుంటే వేలు పెట్టేది మడమ మీద. చాలాసార్లు అక్కడే ఉండేది దాని మొదలు. నేను ఇది రోజూ చూశాను. చూసినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక మధ్యాహ్నం ఆమె బయట ఫోన్ మాట్లాడుతుంటే, బెంగళూరు పిల్లలను నవ్విద్దామని లేచాను. కుడికాలు కట్టెలాగ చేసి, నడుము మీద చేయి పెట్టి, గడ్డం ఎత్తి, షెడ్డు ఆ చివరినుంచి ఈ చివరకు వేరమ్మ నడక నడిచాను. మధ్య మధ్యలో “మళ్ళా, మళ్ళా” అన్నాను. అందరూ పడి పడి నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. నా వెనక ఇంకో అడుగుల చప్పుడు వినిపించింది. వేరమ్మ నా వెనకే నడుస్తోంది. నేను ఆమెను ఎట్లా చూపిస్తున్నానో, అచ్చం అట్లా.

నేను ఆగిపోయాను. ఆమె సుధను పిలిచి చెప్పింది. సుధ తల దించుకుని నాకు చెప్పింది. “బాగా చూశావట. కానీ సగమే చూశావట. తను మోకాలు వంచదని నువ్వు అనుకుంటున్నావు, వంచుతుందట. నొప్పి ఎక్కడ మొదలవుతుందో తెలిసి, అక్కడిదాకా భయపడుతూ వంచుతుందట. అది చేయమంటోంది.”

“వద్దమ్మా. తప్పైపోయింది. మన్నించండి.”

“మళ్ళా,” అంది వేరమ్మ.

నడిచాను. ఆమె వెనక నడిచింది. ఆగి నా మోకాలి వెనక వేలు పెట్టింది. మళ్ళీ నడిపించింది. షెడ్డు పొడవునా ఎన్నిసార్లు నడిచామో తెలియదు. మెల్లగా నా మోకాలిలో నిజంగానే నొప్పి పుట్టింది. కాలు కింద పెట్టే ముందు ఒక చిన్న జంకు వచ్చింది. ఆ జంకును దాచడానికే ఆమె గడ్డం ఎత్తుతుందని నా గడ్డానికి తెలిసింది. అప్పుడామె చప్పట్లు కొట్టి, సుధతో నవ్వుతూ ఏదో అంది.

“ఇప్పుడొచ్చిందట. ఇప్పుడు నవ్వించు చూద్దాం అంటోంది,” అంది సుధ.

ఎవరూ నవ్వలేదు. వేరమ్మ నా గ్లాసులో మిగిలిన టీ తీసుకుని తాగేసింది. పోతూ పోతూ చెప్పిన మాటను సుధ ఆ సాయంత్రం బస్టాపు దగ్గర నాకు అందించింది. ఒక మనిషి కదలికను సగం నేర్చుకుంటే నవ్వు వస్తుంది, మొత్తం నేర్చుకుంటే రాదు అని.

ఆమె కడుతున్న నృత్యం నీళ్ళ కోసం కాచుకునే ఆడవాళ్ళది. ఒకసారి కారులో పిక్కిలి వైపు వెళ్తుంటే, రోడ్డు పక్కన బిందెలు వరసగా పెట్టి, వాటి వెనక నేల మీద కూర్చుని లారీ కోసం చూస్తున్న ఆడవాళ్ళను చూసి కారు ఆపించింది. ఎవరో ఇంట్లోనుంచి కుర్చీ తెచ్చి వేశారు. లారీ వచ్చేదాకా ఆ కుర్చీలోనే కూర్చుంది. తిరిగి వచ్చాక నన్ను ఉరుమి మూలుగు ఒక్కటే వాయించమంది. దెబ్బ వద్దు. వాళ్ళ కాచుకోవడం అంతా ఈ మూలుగులో ఉందని ఆమె నమ్మకం. దాని మీద ఏ కదలిక పెట్టాలో వారాల తరబడి వెతికింది. చేతులు పెట్టి చూసింది, తల పెట్టి చూసింది, పెట్టినదల్లా తీసేసింది. చివరకు మూలుగు వచ్చినంతసేపూ అందరినీ కదలకుండా నిలబెట్టి, దెబ్బ పడగానే ఒక్కసారిగా వెనక్కి తిప్పింది.

బెంగళూరులో ప్రదర్శన గొప్పగా జరిగింది. మూలుగు వస్తుంటే పదహారుమంది బొమ్మల్లా నిలబడిపోయిన చోట జనం ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్చలతనే అందరూ పొగిడారు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో నేను సంతోషంగా అదే మాట అన్నాను. వేరమ్మ కిటికీలోంచి చూస్తూ సుధతో నెమ్మదిగా మాట్లాడింది.

“వాళ్ళు మెచ్చుకున్న చోటే తను ఓడిపోయిందట,” అంది సుధ. “దొరకక ఖాళీగా వదిలేసిందట. ఆ ఆడవాళ్ళతో పాటు నేల మీద కూర్చుని చూడాల్సింది, ఈ మోకాలు కూర్చోనివ్వదు, కుర్చీలోంచి చూసింది కాబట్టి దొరకలేదు అంటోంది.”

అంత పేరున్న మనిషి, చప్పట్లు ఇంకా చెవుల్లో ఉండగానే, ఆ మాట చెప్పుకోగలగడం చూసి నేను మిల్లు పనికి తిరిగి వెళ్ళకూడదని ఆ వ్యానులోనే అనుకున్నాను. ఇలాంటి మనిషి చేసే పని ఏదైనా సరే, అదే నేను చేయాలి అనుకున్నాను.

ఆమె వెళ్ళిపోయేది చెన్నై మీదుగా. బొమ్మిడి స్టేషనులో రైలెక్కించడానికి సుధ, నేను వెళ్ళాం. రైలు అక్కడ ఎక్కువసేపు ఆగదు. పెట్టెలు లోపల పెట్టి, చేయి పట్టి ఎక్కించాను. గుగ్గిలం డబ్బా, ఆ అల్యూమినియం పళ్ళెం నాకిచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక, “మళ్ళా ఎప్పుడొస్తారు వేరమ్మా,” అన్నాను.

ఆమె ముఖం గంభీరంగా పెట్టింది. “మళ్ళా?” అంది. కడ్డీ పట్టుకుని, ఆ మోకాలితో మెట్టు దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడింది. నేను కంగారుపడుతుండగానే తిరిగి మెట్టు ఎక్కి, బాగుందా అన్నట్టు కనుబొమలెత్తింది. రైలు కదిలింది. తెల్లజుట్టు ముడి వంపు తిరిగేదాకా కనబడింది. రెండు చలికాలాల తరువాత సుధ ఫోన్ చేసి, ఆమె తన ఊళ్ళోనే పోయిందని చెప్పింది.

ఆమె పోయాక నేను ఊళ్ళలో ఆట నేర్పడం మొదలుపెట్టాను. జనం మాస్టరు అన్నారు. ఆ పిలుపు నాకు నచ్చింది. నచ్చిన కొద్దీ నేను ఎదురుగా నిలబడటం ఎక్కువైంది, వెనక నిలబడటం తగ్గింది. పళ్ళెం మాత్రం వాకిట్లో పెడుతూ వచ్చాను, ఆమె శిష్యుణ్ణని నాకు నేను చెప్పుకోవడానికి. ఆ ఆదివారం షెడ్డులో గోడవారగా కూర్చున్నప్పుడు నా కుడి మోకాలు దానంతట అది జంకుతూ వంగింది. ఆమె నడక నా ఒంట్లో ఇంకా ఉంది. ఆమె మర్యాద లేదు.

సోమవారం తెల్లారేసరికి మొదటి బస్సులో పాలకోడు మార్కెట్టుకు వెళ్ళాను. ట్రాక్టర్ల మధ్య, క్రేట్ల మధ్య వెతుక్కుంటూ పోతే, ఒక మండీ ముందు టమాటా కుప్ప దగ్గర గోనె మీద కూర్చుని చెన్నమ్మక్క కాయలు ఏరుతోంది. చుట్టూ ఇంకో నలుగురు ఆడవాళ్ళు.

“ఏం మాస్టరూ,” అంది తల ఎత్తకుండానే. “తక్కాళి కొనేదానికి ఇంత దూరం వచ్చినారా?”

“లేదక్కా. నీ పక్కన కూర్చోని ఏరేదానికి వచ్చినాను.”

“ఏరేది గూడా నేర్చుకోని పోయి, ఆడ ఆడి చూపించి నవ్విస్తారా?”

“నిన్న నేను చేసింది తప్పు అక్కా. అందరి ముందర చేసినాను కాబట్టి అందరి ముందరే చెప్తాను. ముందు నీకు చెప్పాల అని వచ్చినాను.”

ఆమె రెండు కాయలు ఏరింది. తరువాత పక్కనున్న గోనెసంచిని కాలితో నా వైపు నెట్టింది. “కూర్చోండి. వేష్టి పాడైపోతే నన్ను అడగొద్దు.”

“చెన్నమ్మా, కొత్త కూలి ఆళును పెట్టుకున్నావా,” అంది అవతలి ఆమె.

“ఆళు కాదు. మాస్టరు. పని రాదు, చూసి నేర్చుకుంటారంట.”

కూర్చున్నాను. ఎదురుగా కుప్ప. దెబ్బతిన్న కాయలు ఎడమకు, మంచివి కుడి పక్కన కాస్త వెనకగా ఉన్న క్రేటులోకి. కాళ్ళు మడిచే ఉంటాయి, తిరిగేది నడుమే. మొదట సరదాగా ఉంది. ఎండ ఎక్కేకొద్దీ నా తొడలు మొద్దుబారిపోయాయి. కాళ్ళు నావి కానట్టయ్యాయి. నడుము మాత్రం నేను చెప్పకుండానే కుడికి తిరుగుతోంది, వస్తోంది, తిరుగుతోంది. ఆమె మాట్లాడుతూనే ఉంది, పెద్దకొడుకు లారీ మీద వెళ్ళిన సంగతి, కోడలి సంగతి. నేను వింటూ ఆమె చేసినట్టే చేస్తున్నాను.

అప్పుడు వెనకనుంచి ఒక మనిషి నిండు క్రేటును సిమెంటు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాడు. ఈడ్చిన శబ్దం పొడుగ్గా, లోతుగా మూలిగింది. ఆ శబ్దానికి చెన్నమ్మక్క నడుము వెనక్కి తిరిగింది. ఎవరు, ఏమిటి అని ఒళ్ళంతా వెనక్కి చూస్తోంది. కాళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నాయి. అతను క్రేటును దబ్బున దించాడు. ఆ దెబ్బకు ఆమె పాదాలు విప్పుకుని లేచి అటు తిరిగింది. నేనూ తిరిగాను, ఆమె వెనకే, ఆమెలాగే. నా నడుము ముందు తిరిగింది, దెబ్బ మీద పాదాలు వచ్చాయి. చేతిలోని కాయ జారి పగిలింది.

“అయ్యో మాస్టరూ, మంచి కాయ,” అంది చెన్నమ్మక్క.

“అక్కా, నువ్వు తప్పుగా తిరగలేదు,” అన్నాను. “నేనే తప్పు చోట దెబ్బ వేసినాను. నీ నడుము తిరిగేదాకా మూలుగే వాయించాల్సింది.”

“మీరు చెప్పేది నాకేమీ అర్థం కాలేదు. ముందు ఆ పగిలినది తీసి ఎడమపక్క వేయండి.”

ఆదివారం వస్తుందో రాదో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. మధ్యాహ్నం దాకా ఏరి, లేవబోతే కాళ్ళు రాక పడబోయాను. ఆ నలుగురూ కలిసి నన్ను లేపి నిలబెట్టారు.

నిన్న ఆదివారం షెడ్డులో పళ్ళెం పెట్టి, గుగ్గిలం పోసి, వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాను. అందరూ వచ్చారు. చివరికి చెన్నమ్మక్క వచ్చింది. పళ్ళెంలో కాలు పెట్టి, “ఉప్పు తొక్కినట్టే ఉంటుంది ఎప్పుడూ,” అని గొణిగింది. అందరూ వరసలో నిలబడ్డాక నేను లేచి చెప్పాను. పోయిన వారం అక్కను ఆడి చూపించి నవ్వించడం తప్పని, ఇంకెవరినీ అట్లా చేయనని, చేస్తే ఎవరైనా సరే ఉరుమి తీసుకుని నన్ను బయటికి పంపించవచ్చని. వాళ్ళు ఇబ్బందిగా చూశారు. ఒకామె దగ్గింది. చెన్నమ్మక్క, “సరి సరి. పొద్దు పోతా ఉంది,” అంది.

తిరిగే చోట వాయింపు మార్చాను. దెబ్బకు ముందు మూలుగును పొడుగ్గా సాగదీశాను. వేరమ్మ అందరినీ నిలబెట్టిన చోటే, ఆమె ఖాళీగా వదిలిన చోటే. “అక్కా, నీ మాదిరి తిరుగు,” అన్నాను. ఆమె తిరిగింది. మూలుగంతా ఆమె నడుము మీద నడిచింది. దెబ్బ పడ్డప్పుడు పాదాలు వచ్చి చేరాయి. రోడ్డు పక్కన బిందెల వెనక కూర్చున్న ఆడవాళ్ళకు దూరంగా లారీ వినబడినట్టు ఉంది. తక్కినవాళ్ళందరూ ఆమె వెనక నిలబడి ఆమెలాగ తిరగడం మొదలుపెట్టారు.

నా దగ్గర వాయింపు నేర్చుకుంటూ వెంట వచ్చే పక్కింటి పిల్లకు ఉరుమి ఇచ్చి, నేనూ పోయి చివరి వరసలో నిలబడ్డాను. మార్కెట్టులో వచ్చింది ఇక్కడ రాలేదు. నా కాళ్ళు ముందే పరుగెత్తాయి. ఆడవాళ్ళు నవ్వారు. చెన్నమ్మక్క వరస విడిచి వచ్చింది. నాకు ఎదురుగా నిలబడుతుందనుకున్నాను. ఆమె నన్ను దాటుకుని పోయి నా వెనక నిలబడింది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నా నడుము మీద వేలితో పొడిచింది.

“ఈడ ముందు. కాళ్ళకు ఏం తొందర, అవి వస్తాయి,” అంది. ఆమె ఊపిరి నా వెనక వినబడుతోంది. “మళ్ళా.”

కుడి మోకాలు కాస్త జంకింది. గడ్డం ఎత్తి, మూలుగు కోసం కాచుకున్నాను.